విక్టోరియా కాలపు మహిళ కుటుంబ వివరాలు కావాలా? ఇంగ్లండ్ రికార్డులకు దరఖాస్తు ఇలా

మదనపల్లెలో 1915లో పెట్టిన కాలేజీ పుణ్యమా అని అనీ బిసెంట్ పేరు మనకు కొత్త కాదు. కానీ ఆ పేరుతో ఇంగ్లండ్ జనన రికార్డుల్లో వెతికితే ఆవిడ దొరకదు. బిసెంట్ అత్తింటి పేరు, పుట్టింటి పేరు వుడ్. ఆ కాలపు మహిళ ఎవరి గురించి ఆరా తీసినా చిక్కు ఇక్కడే వస్తుంది. అందుకే ముందు పెళ్లి పత్రం తెప్పించుకుని, అక్కడి నుంచి వెనక్కి వెళ్లమంటాను.

ఇంగ్లండ్, వేల్స్‌లలో జనన, వివాహ, మరణాలను ప్రభుత్వం నమోదు చేయడం 1837 జూలై 1న మొదలైంది. వాటి నకళ్లు ఇచ్చేది జనరల్ రిజిస్టర్ ఆఫీస్. స్కాట్లండ్, ఐర్లండ్ రికార్డులు ఇక్కడ ఉండవు. ఇంత పాత పత్రాలకు బంధుత్వం రుజువు చేయక్కర్లేదు, ఎవరైనా అడగొచ్చు. ఆఫీస్ వెబ్‌సైట్‌లో ఈమెయిల్‌తో ఖాతా తెరవాలి. కార్డులో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసి ఉంచుకోండి.

వివాహాల సూచీ ఆ సైట్‌లో లేదు. వాలంటీర్లు నడిపే ఫ్రీబీఎండీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. అనీకి 1867 డిసెంబర్‌లో హేస్టింగ్స్‌లో ఫ్రాంక్ బిసెంట్‌తో పెళ్లయింది. సూచీ మూడు నెలలకొకటి చొప్పున ఉంటుంది కాబట్టి డిసెంబర్ త్రైమాసికంలో, అంటే డిసెంబర్‌తో ముగిసే మూడు నెలల్లో వెతకాలి. అక్కడ దొరికే జిల్లా, వాల్యూమ్, పేజీ నంబర్లు దరఖాస్తులో నింపాలి. వివాహ పత్రం కాగితం రూపంలోనే, పోస్టులో వస్తుంది. ఫీజు 12.50 పౌండ్లు. అందులో ఇద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. తల్లుల పేర్లకు 2021 మే దాకా చోటే లేదు! పెళ్లినాటికి అనీకి 20 ఏళ్లు. 21 నిండకపోతే వయసు గడిలో అంకె బదులు ‘మైనర్’ అని రాసేవాళ్లూ ఉన్నారు. అన్నట్టు, ఈ నకలులో కనిపించే సంతకాలు అసలువి కావు. పెళ్లి జరిగిన చోటి నుంచి పంపిన ప్రతిలో ఎత్తి రాసినవి.

జననాల సూచీ మాత్రం ఆఫీస్ సైట్‌లోనే ఉంది. ఇంటిపేరు, ఆడా మగా, సంవత్సరం ఇస్తే చాలు. రెండేళ్లు అటూ ఇటూ కూడా చూపిస్తుంది. అసలు తాళంచెవి తల్లి పుట్టింటి పేరు. పాత అచ్చు సూచీల్లో అది 1911 నుంచే ఉండేది, ఈ సూచీలో 1837 నుంచీ ఉంది. వుడ్ అనే ఇంటిపేరు వాళ్లు కొల్లలు. అదే వుడ్ పక్కన మోరిస్ అని తల్లి పేరు చేరిస్తే జాబితా బాగా తగ్గుతుంది. అనీ పుట్టింది 1847 అక్టోబర్ 1న. నమోదుకు 42 రోజుల గడువు ఉండేది కాబట్టి ముందు డిసెంబర్ త్రైమాసికం, తర్వాత మార్చి చూడాలి. యాన్, యానీ అన్న రకరకాల స్పెల్లింగులూ ప్రయత్నించండి. 1875కు ముందు నమోదు చేయించని తల్లిదండ్రులకు జరిమానా లేదు, కొందరు అసలు చేయించలేదు. అలాంటప్పుడు చర్చి బాప్తిస్మ రిజిస్టర్లే దిక్కు.

2024 ఏప్రిల్‌లో పెరిగిన ధరల ప్రకారం జననానికి డిజిటల్ ఇమేజ్ 3 పౌండ్లు, వెంటనే తెరుచుకుంటుంది. పీడీఎఫ్ 8 పౌండ్లు, నాలుగు పనిదినాలు పడుతుంది. వంశవృక్షానికి ఇమేజ్ చాలు. కోర్టు పనులకు ఈ రెండూ చెల్లవు.

తోబుట్టువుల కోసం పేరు గడి ఖాళీగా వదిలేసి వుడ్, మోరిస్ మాత్రమే ఇవ్వండి. ఆడపిల్లలకు ఒకసారి, మగపిల్లలకు ఒకసారి. అదే జంట పేర్లతో ఇంకో కుటుంబం ఉండొచ్చు, జిల్లా కూడా సరిపోల్చండి. ఒకసారి నేను జిల్లా చూడకుండా తొందరపడి ఎవరి పిల్లాడి పత్రమో కొనుక్కున్నాను.

మరణాలకు డిజిటల్ ఇమేజ్ 1887 వరకే. అనీ తండ్రి 1852లో, తల్లి 1874లో పోయారు కాబట్టి ఇద్దరివీ ఆ పరిధిలోకే వస్తాయి. ఆడవాళ్ల పత్రంలో వృత్తి గడిలో చాలాసార్లు ‘ఫలానా వారి భార్య’, ‘ఫలానా వారి వితంతువు’ అని ఉంటుంది. సమాచారం ఇచ్చినవాళ్ల పేరు, చిరునామా తప్పక చూడండి. పెళ్లయిన కూతురో అల్లుడో అయితే కొత్త ఇంటిపేరు చేతికొస్తుంది. అనీ మాత్రం 1933లో మద్రాసు అడయార్‌లో చనిపోయింది, ఈ సూచీలో వెతకొద్దు.

మచిలీపట్నంలోనో విశాఖలోనో బాప్తిస్మం పొందిన ఆంగ్లో ఇండియన్ ముత్తవ్వ కోసమైతే ఈ దరఖాస్తు పెట్టొద్దు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్ల నకళ్లు లండన్‌కు వెళ్లాయి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి.