ట్రాక్ కోసం కారు ఎత్తు తగ్గించుకోవడం ఎలా
2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (విద్యుత్ రేసు) కార్లు పరుగెత్తినా, సొంత కారును ట్రాక్ ఎక్కించాలనుకునే హైదరాబాదీలు సాధారణంగా చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైకో, కోయంబత్తూరుకో వెళ్తుంటారు. తిరిగి వచ్చాక మన వీధుల స్పీడ్ బ్రేకర్లు దాటవలసిందీ ఆ కారే కాబట్టి, ఎత్తును 25 నుంచి 30 మిల్లీమీటర్లకు మించి తగ్గించవద్దని నా సలహా.

ఇందుకు స్పీడ్ బ్రేకర్లకన్నా పెద్ద కారణం ఉంది. కారు దిగితే గురుత్వ కేంద్రం దిగి, మలుపులో బయటి టైర్ల మీదికి మళ్లే బరువు కొంత తగ్గుతుంది. కానీ మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే నిలువు భాగంగా ఉండే సస్పెన్షన్) ఉన్న కార్లలో రోల్ సెంటర్ (మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) గురుత్వ కేంద్రం కన్నా వేగంగా కిందికి జారి, రెంటి మధ్య దూరం పెరుగుతుంది కనుక, మరీ దించిన కారు గట్టి స్ప్రింగులు లేకపోతే మునుపటికన్నా ఎక్కువే ఒరుగుతుంది. చక్రాలు నేలమీద ఉండగా లోయర్ ఆర్మ్‌ను (చక్రాన్ని కారు చట్రానికి కలిపే కింది కడ్డీని) గమనించండి: బాల్ జాయింటు ఉన్న, అంటే చక్రం వైపు కొస పైకి లేచి ఉంటే అతిగా దించినట్లే.

స్ప్రింగు చుట్టు కోయించవద్దు. కోసిన కొస స్ప్రింగు సీటులో (స్ప్రింగు ఆని ఉండే గిన్నెలో) సరిగా కూర్చోదు. మీ కారుకు తయారైన పొట్టి, గట్టి స్ప్రింగులను, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లను కలిపి కొనండి.

ముందుగా సమతల నేలమీద, ప్రతి చక్రం కేంద్రం నుంచి ఫెండర్ అంచు వరకు ఎత్తు కొలిచి రాసుకోండి. కారును స్టాండ్లపై నిలిపాకే స్ట్రట్ విప్పండి. స్ప్రింగు కంప్రెసర్‌ను (స్ప్రింగును నొక్కి పట్టే పరికరాన్ని) రెండు వైపులా మార్చిమార్చి బిగిస్తూ, స్ప్రింగు సీటు నుంచి వదులైందని చేత్తో కదిపి నిర్ధారించుకునేవరకు స్ట్రట్ పై నట్టు ముట్టవద్దు.

బిగింపులో చాలామంది తొందరపడేది ఆర్మ్ బుష్‌ల (ఆర్మ్ కీళ్లలోని రబ్బరు తొడుగుల) దగ్గరే. చక్రం గాలిలో వేలాడుతుండగా ఆ బోల్టులు బిగిస్తే, కారు నేలకు దిగాక రబ్బరు మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది (నా మొదటి కారుకు రెండు నెలలే పట్టింది). బరువంతా చక్రాల మీద పడ్డాకే కంపెనీ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి.

ఎత్తు మారితే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) కూడా మారుతుంది కాబట్టి చక్రాల అలైన్‌మెంట్ తప్పనిసరి. హెడ్‌లైట్ల దిశ కూడా సరిచూసుకోండి. ముందు చక్రాల క్యాంబర్‌ను (చక్రం నిలువు నుంచి వంగిన కోణాన్ని; పైభాగం లోపలికి వంగితే మైనస్) రెండు వైపులా సమానంగా మైనస్ 1.5 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ట్రాక్ మీద టైరు భుజానికి (నేలను తాకే భాగం పక్కగోడతో కలిసే అంచుకు) సుద్దగీతలు గీసి నాలుగు ల్యాపులు తిప్పండి. గీతలు పక్కగోడ వరకు చెరిగిపోతే మొదట టైర్లలో గాలి పెంచి, అప్పటికీ చెరుగుతుంటేనే క్యాంబర్ జోలికి వెళ్లండి.