కవర్లో దాచిన గుడ్ల నుంచి చేపలు: యాన్యువల్ కిల్లీలను ఇంట్లో పెంచడం ఎలా?

ఆరుద్ర కార్తెలో నాలుగు చినుకులు పడగానే ఎర్రటి ముఖమల్ పురుగులు నేలలోంచి పుట్టుకొస్తాయి కదా, తూర్పు ఆఫ్రికాలో అలా వానతో పాటు వచ్చే చేపలున్నాయి. నోతోబ్రాంకియస్ అంటారు. వానలకు నిండి ఎండలకు నెర్రెలిచ్చే గుంటల్లో ఉంటాయి. గుంట ఎండితే పెద్ద చేపలన్నీ చచ్చిపోతాయి, బురదలో పెట్టిన గుడ్లు మాత్రం మళ్లీ వాన పడేదాకా నెలల తరబడి ఆగుతాయి. యాన్యువల్ (ఏడాదికే బతుకు ముగిసే) కిల్లీలు అని పేరు అందుకే, కిల్లీలంటే కిల్లీఫిష్ అనే చిన్న చేపల జాతులు. మన కాలువల్లో తల మీద వెండి చుక్కతో తిరిగే పంచాక్స్ కూడా కిల్లీయే గానీ యాన్యువల్ కాదు, దాని గుడ్లతో ఆరబెట్టి దాచే ఈ పద్ధతి పనిచేయదు.

మొదటిసారైతే వీటిలో గుంథెరి అనే రకంతో మొదలుపెట్టండి. జాంజిబార్ దీవి చేప, 5 సెంటీమీటర్ల లోపే ఉంటుంది, మగదానికి ఎర్రటి తోక, నీలి ఆకుపచ్చ ఒళ్లు. ఆడది పాపం బూడిద రంగులో ఉంటుంది. మొజాంబిక్ నుంచి వచ్చే రకోవీ ఇంకా అందంగా ఉంటుంది కానీ దాని గుడ్లు ఆరు నెలలకు పైగా ఆగమంటాయి, అప్పటికి మీకు ఆసక్తి పోతుంది. ఇంకో మాట ముందే చెప్పేస్తాను: ఇవి ఏడాది లోపే ముసలివై పోతాయి, మీరేం తప్పు చేయకపోయినా సరే. అందుకే పెద్ద చేపలు కొనడం కన్నా, పెంచేవాళ్ల దగ్గర గుడ్లు తెప్పించుకోవడం మేలు, కొరియర్ కవర్లో కూడా క్షేమంగా వస్తాయి.

ఒక మగకు రెండు మూడు ఆడవి చొప్పున 25–30 లీటర్ల ట్యాంక్ చాలు. మగవి రెండుంటే కొట్టుకుంటాయి. స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి కాస్త నాచు, గట్టి మూత, అంతే. మూత తప్పనిసరి, ఎగిరి కింద పడతాయి. కొంచెం కాఠిన్యమున్న బోరు నీళ్లైనా వీటికి ఇబ్బంది లేదు, మున్సిపల్ నీళ్లైతే క్లోరిన్ పోగొట్టాకే పోయండి. వేడి 22 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది. మే నెలలో మన ఊళ్లలో అది కష్టమే కాబట్టి ట్యాంక్‌ని కింది అంతస్తులో నేల మీద పెట్టి పైన చిన్న ఫ్యాన్ తిప్పండి, నీళ్లు వెచ్చబడితే చేప ఇంకా తొందరగా ముసలిదవుతుంది. మేత విషయంలో రాజీ పడొద్దు: దోమ లార్వాలు, బ్లడ్ వర్మ్స్ (ఎర్రటి సన్న పురుగులు) లాంటివి వేయండి. పొడి మేత ముట్టవు చాలావరకు.

ఇక గుడ్ల సంగతి. నర్సరీలో దొరికే కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇటుక తెచ్చి (ఎరువు కలపనిది) నానబెట్టి, నాలుగైదు నీళ్లు మార్చి కడగండి, అందులో ఉప్పు ఉండొచ్చు. తర్వాత ఉడికిస్తే నీళ్లలో మునుగుతుంది. ఐస్‌క్రీమ్ డబ్బాలో రెండు మూడు సెంటీమీటర్ల మందంగా పరిచి, మూతకు చేప దూరేంత రంధ్రం కోసి, లోపల ఒక గులకరాయి వేసి ట్యాంక్ అడుగున పెట్టండి. మగది ఆడదాన్ని రెక్కతో కప్పి ఆ పొట్టులోకి నొక్కుతుంది, ఒక్కోసారికి ఒక్కో గుడ్డు.

వారం పది రోజులకోసారి డబ్బా తీసి, పొట్టును వలలో వడకట్టి చేత్తో పిండండి. భయపడకండి, గుడ్లు గట్టివే. పాత పేపర్ మీద రాత్రంతా ఆరనిచ్చి, పిడికిట పిండితే చుక్క రాలకుండా, అలాగని పొడిపొడిగా రాలిపోకుండా ఉన్నప్పుడు జిప్‌లాక్ కవర్లో వేయండి. కవర్ మీద చేప పేరు, తేదీ పెద్దక్షరాలతో రాయాలి. నేను మొదటిసారి రాయలేదు, అమ్మ అదేదో మట్టి అనుకుని కరివేపాకు కుండీలో పోసేసింది.

కవర్‌ని చీకటి అల్మారాలో, 24–25 డిగ్రీల దగ్గర ఉంచండి. గుంథెరికి సుమారు మూడు నెలలు. ఇక్కడే చాలామంది చెడగొడతారు. నేను రెండో బ్యాచ్‌ని ఆరు వారాలకే తడిపాను, వచ్చిన కొద్ది పిల్లలూ ఈదలేక అడుగున పాక్కుంటూ పోయాయి. తేదీ ఒక్కటే చూడొద్దు, భూతద్దంతో గుడ్డును చూడండి: లోపల కన్ను స్పష్టంగా కనిపిస్తూ, దాని చుట్టూ బంగారు వలయం మెరిస్తే అది సిద్ధం.

తడపడానికి వెడల్పాటి ట్రేలో పొట్టు వేసి, 18–20 డిగ్రీల చల్లటి నీళ్లు మూడు నాలుగు సెంటీమీటర్ల లోతు పోయండి. నీళ్లను ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి తీస్తే సరిపోతుంది. వాన పడిందని గుడ్డు నమ్మాలి, అంతే. కొన్ని గంటల్లోనే కొన్ని చిట్లుతాయి, మిగతావి మర్నాటికి. పిల్లలను గరిటెతో నీళ్లతో సహా వేరే ట్రేలోకి మార్చి, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్య పిల్లలు) రోజుకు రెండుసార్లు ఇవ్వండి. దానికి ముందురోజే ఆర్టీమియా గుడ్లు ఉప్పు నీళ్లలో వేసి ఉంచుకోవాలి, ఇది మరిచిపోతే పిల్లలు ఆకలితో చస్తాయి. మిగిలిపోయిన మేత తీసేస్తూ, నీళ్లు కొంచెం కొంచెం మార్చండి. ఒంటి మీద పసుపు పొడి చల్లినట్టు కనిపిస్తే అది వెల్వెట్ జబ్బు, వీటికి మామూలే. నాలుగు లీటర్లకు ఒక చిన్న చెంచా కల్లుప్పు ముందు నుంచే ఉంచితే చాలావరకు రాదు. నెల తిరిగేలోపు మగవాటికి రంగు వస్తుంది, నెలన్నరకు గుడ్లు పెట్టడం మొదలవుతుంది.

తడిపిన పొట్టును పారేయకండి. ఒకే బ్యాచ్‌లో గుడ్లన్నీ ఒకేసారి ఎదగవు, మొదటి వాన దొంగ వానైతే అన్నీ పోకుండా కొన్ని వెనక ఆగుతాయి. మళ్లీ ఆరబెట్టి, కవర్లో వేసి, కొత్త తేదీ రాసి, మూడు నాలుగు వారాల తర్వాత ఇంకోసారి తడపండి. నా గుంథెరి కవర్ ఒకటి మూడుసార్లు తడిపాను. మూడోసారి వచ్చినవి నాలుగే గానీ, ఇప్పుడు ట్యాంక్‌లో తిరుగుతున్న మగది వాటిలోదే.