ఏడ్చే పిల్లకి నెబులైజర్ పెట్టడం ఎలా

మందుని పొగలా మార్చి పీల్చుకునేలా చేసే నెబులైజర్ మెషీన్‌తో పెద్ద కష్టమేం ఉండదు, కష్టమంతా పిల్లలతోనే. ఆ మోత వినగానే ఏడుపు లంకించుకుంటారు, ఏడుస్తుంటే మందు ఊపిరితిత్తుల దాకా పోయేది చాలా తక్కువ. అందుకే ఆయాసం లేనప్పుడే మందు వేయకుండా ఊరికే ఆన్ చేసి చూపించండి, మాస్కు బొమ్మకి పెట్టి ఆడుకోనివ్వండి. పెట్టేటప్పుడు ఫోన్‌లో ఇష్టమైన వీడియో పెట్టేయండి, ఆ పది నిమిషాలకి ఏం కాదు.

చేతులు కడుక్కుని డాక్టర్ రాసిన మందు మెషీన్ కప్పులో పిండండి. ఆయాసం తగ్గడానికి ఇచ్చే లెవోలిన్‌లోనే 0.31, 0.63, 1.25 మిల్లీగ్రాములవి ఉంటాయి కాబట్టి షాపులో ఇచ్చింది చీటీలో ఉన్నదేనా చూసుకోండి. సెలైన్ కలపమంటే స్టెరైల్ నార్మల్ సెలైనే కలపాలి, కుళాయి నీళ్లు కాదు. ఆవిరి పట్టే క్యాప్సూళ్లు, విక్స్ ఇందులో అస్సలు వేయొద్దు.

పిల్లని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, కప్పు ఒరిగిపోకుండా చూస్తూ, మాస్కుని ముక్కూ నోరూ మూసేలా బుగ్గలకి ఆనించండి. ఏడుస్తోందని జాలిపడి మాస్కు కాస్త దూరంగా పట్టుకుంటారు చాలామంది, అలా పడితే మందంతా గదిలోకే పోతుంది. ఎనిమిది, పది నిమిషాలకి చిటపటమని శబ్దం మొదలవుతుంది. కప్పు పక్కన వేలితో తట్టండి, అంచులకి అంటుకున్న చుక్కలు కిందికి జారతాయి. మళ్లీ పొగ రాకపోతే ఆపేయండి.

లెవోలిన్ తర్వాత కాసేపు గుండె దడగా, చేతులు వణుకుతున్నట్టు ఉండొచ్చు, తగ్గిపోతుంది. బుడెకార్ట్ (స్టెరాయిడ్ మందు) పెడితే మాత్రం మొహం తుడిచి, నోరు పుక్కిలించమనండి, లేకపోతే నోట్లో తెల్లటి పూత వచ్చే అవకాశం ఉంది. ఇక పెట్టాక కూడా డొక్కలు ఎగరేస్తున్నా, మాట్లాడలేకపోతున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఇంట్లో మళ్లీ మళ్లీ పెడుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి లేదా వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి. నాలుగు గంటలు కాకముందే మళ్లీ పెట్టాల్సి వస్తోందంటే అదీ డాక్టర్‌కి చూపించాల్సిన విషయమే. (నెబులైజర్ అలవాటైపోతుందని ఇంట్లో పెద్దవాళ్లు భయపెడతారు, అదేం ఉండదు.)

వాడిన ప్రతిసారీ కప్పూ మాస్కూ గోరువెచ్చని నీళ్లతో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికే ఆరనివ్వండి. పైపు కడగొద్దు. లోపల తడి కనిపిస్తే పైపు ఒక్కటే తగిలించి మెషీన్ రెండు నిమిషాలు నడపండి, ఆరిపోతుంది. ఫిల్టర్ రంగు మారితే కొత్తది వేయండి.