కెమెరా ముందు మామూలుగా – రెండో పాఠం: ఊఁ కొట్టే మనిషి

పోయిన పాఠంలో ఇచ్చిన పని గుర్తుందిగా? పొద్దున ఏం తిన్నారో ఫోన్ ముందు కూర్చుని ఒక్క నిమిషం చెప్పమన్నాను. మూడు రోజులు, మూడు వీడియోలు. ఒక్కటీ చెరపొద్దన్నాను. చేసినవాళ్లు ఆ మూడూ ఒకసారి వేసుకుని చూడండి. చేయనివాళ్లు ఇక్కడే ఆపి ఆ పని పూర్తి చేసుకుని రండి. పాఠం ఎక్కడికీ పోదు.

చూశారా? "ఛీ, నా గొంతు ఇలా ఉంటుందా!" అనే ఉంటారు. నేనూ అన్నాను. ముందు ఆ సంగతి తేల్చేసి అసలు పాఠంలోకి వెళ్దాం.

మనం మాట్లాడుతుంటే మన గొంతు మన చెవికి రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి అందరికీ వినబడే గాలి దారి. రెండోది మన పుర్రె ఎముకల దారి, అది మనకొక్కరికే. ఎముకలు కింది స్వరాలను బాగా మోస్తాయి కాబట్టి మన గొంతు మనకు నిండుగా వినిపిస్తుంది. ఫోన్‌కి గాలి దారి ఒక్కటే తెలుసు. అందుకే రికార్డులో గొంతు పీలగా, పరాయిదిలా అనిపిస్తుంది. మీ ఇంట్లోవాళ్లు ఇన్నేళ్లుగా వింటున్నది ఆ పీల గొంతునే. ఎవరూ పారిపోలేదు.

ముఖం సంగతీ అంతే. రోజూ అద్దంలో చూసుకునేది కుడి ఎడమలు తారుమారైన ముఖం. ఫోన్ ముందువైపు కెమెరా తీస్తున్నంతసేపూ అద్దంలాగే చూపిస్తుంది. చాలా ఫోన్లు సేవ్ చేసేటప్పుడు దాన్ని తిప్పేస్తాయి. అప్పటిదాకా బాగానే ఉన్న మూతి ఉన్నట్టుండి వంకరగా కనబడేది అందుకే. 1977లో అమెరికాలో మీటా, డెర్మర్, నైట్ అనే ముగ్గురు పరిశోధకులు విద్యార్థినుల ఫొటోలను మామూలుగా ఒకసారి, తిరగేసి ఒకసారి ముద్రించి చూపించారు. ఆ అమ్మాయిల్లో ఎక్కువమందికి తిరగేసిన ఫొటో నచ్చింది. వాళ్ల స్నేహితులకు మామూలుది నచ్చింది. ఎవరికి అలవాటైన ముఖం వాళ్లకు అందం. ఇంకొక మాట: ఫోన్ ముఖానికి మరీ దగ్గరగా ఉంటే ముక్కు పెద్దదవుతుంది. 12 అంగుళాల దూరంలో ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని, 5 అడుగుల దూరానికి ఆ తేడా పోతుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టారు. కాబట్టి ఫోన్‌ని చేత్తో పట్టుకోవద్దు. దేనికైనా ఆనించి, మీరు నాలుగైదు అడుగులు వెనక్కి జరగండి. ఖర్చు లేని మేకప్ ఇది.

ఇక అసలు పాఠం.

2020 లాక్‌డౌన్ నాటికి నేను జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్లకు పైగా అర్థశాస్త్రం చెప్పిన మనిషిని. అరవై మంది పిల్లల ముందు నోరు తడబడ్డ రోజు నాకు గుర్తు లేదు. వీడియో పాఠాలు చేయమన్నారు. అదెంత పని అనుకున్నాను. స్టూలు మీద బియ్యం డబ్బా, దానికి ఆనించి ఫోన్, వెనక మా పడగ్గది గోడ. మొదలుపెట్టాను: "ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా, ఈనాటి మన పాఠ్యాంశం..."

జీవితంలో ఎప్పుడూ ఎవరినీ "విద్యార్థులారా" అని పిలవలేదు నేను. క్లాసులో నా మొదటి మాట "నిన్న ఎక్కడాపాంరా?". ఆ గోడ ముందు కూర్చునేసరికి ఎక్కడినుంచో పాత రేడియో గొంతు ఒకటి దిగి నా నోట్లో కూర్చుంది. భుజాలు చెవుల దగ్గరికి లేచాయి. డిమాండ్ సూత్రం అప్పజెప్పి, చివర "ధన్యవాదాలు" కూడా చెప్పి, నలభై నిమిషాల తర్వాత చూసుకుంటే రికార్డ్ బటనే నొక్కలేదు. ఏడుపొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ పాఠం ఎవరూ చూడకపోవడమే మంచిదైంది.

రెండోసారి తీస్తుంటే మా తమ్ముడి కూతురు వచ్చి ఫోన్ పక్కన కూర్చుంది. లాక్‌డౌన్‌కి మా ఇంట్లోనే చిక్కుకుపోయింది, ఎనిమిదో తరగతి. ధర పెరిగితే కొనడం తగ్గుతుందని నేను చెబుతుంటే మధ్యలో "మరి ఉల్లిపాయల రేటు పెరిగినప్పుడు మనం కొనడం మానలేదు కదత్తా?" అంది. రికార్డవుతోందన్న సంగతే మరిచి దానివైపు తిరిగాను. "మానలేదే, కూర వండుకోవాలి కదా! కిలో కొనేచోట ముప్పావు కిలో కొన్నాం, అంతే. అదే ఆపిల్ పండ్లయితే? బేరం కూడా ఆడకుండా వచ్చేస్తాం." ఆ రెండు నిమిషాలు తర్వాత చూస్తే, అందులో ఉన్నది నేనే. చేతులు వాటంతటవే కదులుతున్నాయి, గొంతు నాది, నవ్వు నాది. కెమెరా అదే, గోడ అదే. కొత్తగా వచ్చింది వినే మనిషి ఒక్కరే.

చిన్నప్పుడు రాత్రిపూట కథ చెప్పే నాయనమ్మ పెట్టే షరతు ఒకటుంటుంది: "ఊఁ కొడితేనే చెప్తా." మనం ఊఁ కొట్టడం ఆపామంటే నిద్రపోయామని లెక్క, కథ కూడా ఆగిపోయేది. బుర్రకథ చూడండి. కథకుడు ఒక్కడే వేదికెక్కడు, పక్కన ఇద్దరు వంతలుంటారు. తందాన అందుకోవడమే కాదు, "ఆహా" అంటారు, "ఆ తర్వాతేమైంది?" అని అడుగుతారు, మధ్యలో జోకులేస్తారు. మాట ముందుకు సాగాలంటే అవతలి నుంచి ఏదో ఒకటి తిరిగి రావాలని మనవాళ్లు ఊఁ కొట్టేవాళ్లను వేదిక మీదే నిలబెట్టారు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు అవతల నాలుగు క్షణాలు నిశ్శబ్దమైతే "హలో, హలో, వినబడుతోందా?" అంటాం కదా. కెమెరా ముందు ఆ నిశ్శబ్దం మొదటి క్షణం నుంచే ఉంటుంది. కెమెరా ఊఁ కొట్టదు. తల ఊపదు. అర్థమైందో లేదో చెప్పదు. దాంతో ఊఁ కొట్టేవాళ్ల కోసం వెతుక్కుంటూ మన కళ్లు తెర మీదికి పోతాయి, అక్కడ కనబడేది మన ముఖమే. ఇక వినేదీ మనమే, వంకలు పెట్టేదీ మనమే. "జుట్టు ఇలా ఉందేమిటి, కళ్లు ఆర్పుతున్నానేమిటి" అనుకుంటుండగానే చెబుతున్న మాట జారిపోతుంది.

నాకు తెలిసి ఈ బెరుకులో ముప్పావు వంతు అక్కడే పుడుతోంది. కాబట్టి ఈ వారం ఒకే ఒక్క పని: ఊఁ కొట్టే మనిషిని తెచ్చుకోవడం, ఆ తర్వాత మెల్లగా ఆ మనిషిని పంపించేసి ఊఁ మాత్రం ఉంచుకోవడం.

మనిషి ఎంపికలో తొందరపడొద్దు. ఇంట్లో వంకలు పెట్టేవాళ్లు ఒకరుంటారు చూశారా, వాళ్లొద్దు. మా ఆయన మంచివారే, కానీ కెమెరా పక్కన కూర్చోబెడితే "కొంచెం గట్టిగా మాట్లాడు, పమిట సర్దుకో" అనకుండా ఉండలేరు. ఆ విషయం క్షుణ్ణంగా తెలిసినవాళ్లు కూడా పనికిరారు, వాళ్లకి నిజంగా వినాల్సిన అవసరం లేదు. పదేళ్లు దాటిన పిల్లలు, పక్కింటివాళ్లు, ఏం చెప్పినా "అవునా!" అనే స్నేహితులు సరిగ్గా సరిపోతారు. హాస్టల్లోనో పరాయి దేశంలోనో ఒంటరిగా ఉన్నవాళ్లు ఇంకో ఫోన్‌లో చెల్లికో అమ్మకో కాల్ చేసి, స్పీకర్ పెట్టి, దాన్ని కెమెరా ఫోన్ వెనక ఉంచినా చాలు.

మొదటి రెండు రోజులు ఆ మనిషిని ఫోన్ వెనకే కూర్చోబెట్టండి. వాళ్ల కళ్లు, ఫోన్ కెమెరా ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండాలి. ముందు కెమెరా వద్దు, వెనక కెమెరాతో తీయండి, మీ ముఖం మీకు కనబడకూడదు. మీరు నిత్యం చేసే పని ఏదైనా రెండు నిమిషాలు చెప్పండి: పప్పు తాలింపు కావచ్చు, సైకిల్ ట్యూబుకి పంక్చర్ వేయడం కావచ్చు, జాకెట్టుకి కొలతలు తీసుకోవడం కావచ్చు. కెమెరాను పట్టించుకోకండి, మనిషికే చెప్పండి. వాళ్లు పైకి వినబడేలా ఊఁ కొట్టాలి, అర్థం కాకపోతే ఆపి అడగాలి. "అందరికీ నమస్కారం, వెల్కమ్ టు మై ఛానల్" అన్నారో, ఆ మనిషి నవ్వేస్తారు, మీకూ నవ్వొస్తుంది. నవ్వాక మళ్లీ మొదలుపెట్టండి. ఎదురుగా ఉన్న అత్తకో తమ్ముడికో ఏ మాటతో మొదలుపెడతారో వీడియోకీ అదే మొదటి మాట.

మూడో రోజు, నాలుగో రోజు ఊఁ మూగదవుతుంది. తల ఊపడమే, మాట లేదు. ఇప్పుడు ముఖ్యమైన వాక్యం వచ్చినప్పుడల్లా చూపు మనిషి మీంచి కెమెరా కంటికి జరపండి, మళ్లీ మనిషి దగ్గరికి రండి. కెమెరా కన్ను అంటే ఆ చిన్న నల్ల చుక్క, తెర కాదు. వెనక మూడు నాలుగు చుక్కలున్న ఫోన్లలో ఏది పనిచేస్తోందో తెలియకపోతే ఒక్కోదాన్నీ వేలితో మూసి చూడండి, బొమ్మ నల్లబడ్డది అదే. దాని పక్కన చిన్న బొట్టుబిళ్ల అంటిస్తే చూపు దారి తప్పదు.

అయిదో రోజు కుర్చీ ఒక్కటే ఉంటుంది. మనిషి ఉండరు. మీరు మాత్రం వాళ్లున్నట్టే చెప్పాలి, ఊఁ వచ్చే చోట ఆగాలి కూడా. ఇది కష్టమైన రోజు. ఆగినప్పుడు భయమేసి "అంటే... సో... యాక్చువల్‌గా" అని పూరిస్తాం. పూరించకండి. ఒక ఊఁ పట్టేంతసేపు నోరు మూసుకుని, కుర్చీని చూడండి. మీకు యుగంలా అనిపించిన ఆ ఖాళీ వీడియోలో ఒక క్షణం కూడా ఉండదు. పైగా తర్వాత ఎడిటింగ్‌లో కత్తిరించుకోవడానికి అవే చోట్లు.

ఆరో రోజు కుర్చీ కూడా తీసేసి అంతా కెమెరా కంటికే చెప్పండి.

రాసుకుని బట్టీ పట్టాలా అని అడిగేవాళ్లుంటారు. వద్దు. బట్టీ పట్టినవాళ్ల కళ్లు పైకి, లోపలికి పోతాయి, వెతుక్కుంటున్నారని చూసేవాళ్లకు తెలిసిపోతుంది. కాగితం ఉంచుకోవడం తప్పు కాదు. దూరదర్శన్‌లో 1983 నవంబర్ 14 నుంచి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్, తొలి పదేళ్లపాటు టెలీప్రాంప్టర్ (చదవాల్సిన మాటలు కెమెరా దగ్గరే కనబడే తెర) లేకుండా చేతిలో కాగితాలతోనే చదివారు. ఆ కాగితాలు చూసి జనం ఆయన్ని తక్కువ చేయలేదు, ఇంట్లో మనిషిలా చూసుకున్నారు. మీరు చేయాల్సిందల్లా, తల దించినప్పుడు మాట్లాడకుండా చూసుకుని, తల ఎత్తాక మాట్లాడడం. నాలుగైదు మాటలు పెద్ద అక్షరాలతో రాసుకుంటే చాలు, వాక్యాలు రాస్తే చదవబుద్ధవుతుంది.

గుండె దడ సంగతి కొంచెం. రికార్డ్ నొక్కగానే అరచేతులు చెమర్చడం, నోరెండడం అడ్రినలిన్ అనే హార్మోను పని, శరీరం పరుగుకి సిద్ధమవుతోందన్నమాట. దాన్ని "శాంతించు, శాంతించు" అని అణచబోతే ఇంకా ఎగురుతుంది. 2014లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు పాటల ముందు, ప్రసంగాల ముందు కొందరి చేత "నాకు హుషారుగా ఉంది" అనిపించి చూశారు. ప్రశాంతంగా ఉన్నామని చెప్పుకున్నవాళ్ల కంటే వాళ్లే మెరుగ్గా మాట్లాడారు. దడ అదే, దాని పేరు మార్చారంతే. మొదట్లో నాకిది నమ్మబుద్ధి కాలేదు. ఇప్పటికీ పైకి అనడానికి సిగ్గేసి లోలోపలే అనుకుంటాను. గుక్కెడు గోరువెచ్చని నీళ్లు తాగి, నిదానంగా రెండుసార్లు ఊపిరి వదలండి. ఇక నలుగురిలో ఎక్కడైనా సరే ఊపిరాడనంత భయం వేసేవాళ్లకు ఈ పాఠాలు చాలవు, వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

మన వణుకు అవతలివాళ్లకు మనం అనుకున్నంత కనబడదు. సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు పరిశోధకులు 2003లో ప్రసంగాలిచ్చేవాళ్ల మీద ఇది పరీక్షించారు. "మీ కంగారు పైకి అంతగా తెలియదు" అని ముందే వివరించినవాళ్లు ఆ మాట వినని వాళ్లకంటే బాగా మాట్లాడారు. నా మాట మీద నమ్మకండి, ఇంట్లోనే తేల్చుకోండి. ఆరో రోజు వీడియో అయ్యాక మీ టెన్షన్‌కి పదికి ఎన్ని మార్కులో కాగితం మీద రాసి మడిచి పెట్టండి. ఆ వీడియో ఊఁ కొట్టిన మనిషికి చూపించి వాళ్లనూ వేయమనండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని ఉంచండి, వచ్చే పాఠంలో వాటితో పనుంది.

జూమ్‌లో ఉద్యోగపు ఇంటర్వ్యూలున్నవాళ్లు ఈలోగా ఒకటి చేసుకోండి. మీ వీడియో మీద మూడు చుక్కలు నొక్కితే మీ బొమ్మ మీకు మాత్రం కనబడకుండా దాచే ఏర్పాటు ఉంటుంది. అవతలివాళ్లకు మీరు కనబడుతూనే ఉంటారు. ముందు వెలుతురు, కూర్చున్న తీరు చూసుకుని, ఆ తర్వాత దాచేయండి.

వచ్చే పాఠం చేతుల గురించి. అందాకా వాటిని ఏం చేయాలో తెలియకపోతే గరిటో, టేపో, పెన్నో, మీ పనిముట్టు ఒకటి పట్టుకోండి. రేపు మొదటి రోజు. కుర్చీ వేసి, మనిషిని పిలిచి, ఎర్ర బటన్ పక్కన అంకెలు పరిగెడుతున్నాయో లేదో చూసుకుని మొదలుపెట్టండి.