పాత నెగటివ్‌లను ఇంటి ఫ్రీజర్‌లో దాచడం ఎలా?

పర్లాకిమిడిలో మా మామయ్యకి ఫొటో స్టూడియో ఉండేది. ఆయన పోయాక అటక మీది రేకుపెట్టె దింపి మూత తీస్తే గుప్పున వెనిగర్ వాసన కొట్టింది. లోపల పెళ్లిళ్లు, రథయాత్రలు, నౌపడా–గుణుపూర్ చిన్న రైలు, అన్నీ నెగటివ్‌లే. కొన్నిటికి అంచులు వంకర తిరిగి పైపొర ముడతలు పడిపోయింది.

ఆ వాసన వస్తోందంటే అసిటేట్ ఫిల్మ్ (నెగటివ్‌లకి వాడిన ఒక రకం ప్లాస్టిక్) పాడవడం మొదలైందని అర్థం. దాంట్లోంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లమే దాన్ని ఇంకా వేగంగా తినేస్తుంది. పోయింది తిరిగి రాదు గానీ, చల్లగా ఉంచితే మిగిలింది చాలా ఏళ్లు నిలబడుతుంది. రంగు నెగటివ్‌లు వెలిసిపోకుండా ఉండాలన్నా చలే దిక్కు.

ముందు వేరు చేసుకోండి. నెగటివ్‌ని వెలుతురుకి పట్టి అంచు చూస్తే చాలావాటి మీద ఇంగ్లిష్‌లో ‘సేఫ్టీ’ అని ఉంటుంది. ఆ మాట లేకుండా 1950కి ముందుదైతే నైట్రేట్ ఫిల్మ్ కావచ్చు. అది అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు, కాబట్టి అగ్గిపుల్ల గీసి పరీక్షించే పని అస్సలు వద్దు. ఇంటి ఫ్రీజర్‌లోనూ పెట్టొద్దు. వేరుగా తీసిపెట్టి, పూణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ లాంటి చోట సలహా అడగండి. గాజు ప్లేట్లు కూడా ఫ్రీజర్‌కి పనికిరావు. వాసన వచ్చేవాటిని బాగున్నవాటితో కలపకండి.

ఫ్రీజర్‌లో పెట్టేముందే అన్నీ స్కాన్ చేసేయండి, మాటిమాటికీ బయటికి తీసే అవసరం రాదు.

ఇక ప్యాకింగ్. అసలు పని ఇదే. మన వైపు వానాకాలం గాలిలో తేమ ఎంతుంటుందో తెలిసిందే, ఆ తేమని సంచిలో పెట్టి మూసేస్తే ఫ్రీజర్ ఏమీ చేయలేదు. అందుకే డిసెంబరు, జనవరిలో, ఏసీ గదిలో, గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ 30 నుంచి 50 శాతం మధ్య చూపిస్తున్నప్పుడే చేయండి. నూలు గ్లవ్స్ వేసుకుని మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి, తడిగుడ్డ మాత్రం వద్దు. పాత పీవీసీ కవర్లు తీసేసి ఆమ్లం లేని కాగితపు కవర్లలో పెట్టండి. వాటిని అట్టపెట్టెలో సర్ది, పెట్టెని మందపాటి జిప్ సంచిలో పెట్టి గాలి నొక్కేసి మూయండి. దాన్ని ఇంకో సంచిలో పెట్టండి. రెండు సంచుల మధ్య తేమ చూపించే కార్డు ఒకటి, బయటికి కనపడేలా ఉంచితే, ఎప్పుడు రంగు మారినా సంచి కారుతోందని తెలుస్తుంది. లోపల ఏముందో, ఏ తేదీన మూశారో సంచి మీద రాయండి.

లోపల మంచు పేరుకోని ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రీజర్ అయితే మంచిది, మైనస్ 18 డిగ్రీలు చాలు. చేపలు, మాంసం పెట్టే అర మాత్రం దీనికి ఇవ్వకండి.

బయటికి తీసినప్పుడు సంచి విప్పకుండా 24 గంటలు గదిలోనే వదిలేయండి. నేను మొదటిసారి అరగంటకే విప్పాను. చూస్తుండగానే ఫిల్మ్ మీద సన్నటి నీటి బొట్లు పట్టాయి, పైపొర కాగితానికి అతుక్కుపోయింది. అది మా అమ్మమ్మ నడివయసులో ఉన్నప్పటి ఫొటో, ఇంకో కాపీ లేదు.

కరెంటు సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మన ఊళ్లలో ఎన్ని రోజులు చీకటిగా ఉందో గుర్తుందిగా? అలాంటప్పుడు ఫ్రీజర్ తలుపు తెరవకండి. సంచులు గట్టిగా మూసి ఉంటే లోపలివి మెల్లగా వేడెక్కి, కరెంటు వచ్చాక మళ్లీ చల్లబడతాయి, టెన్షన్ అక్కర్లేదు. ఆ తర్వాత ఒకసారి కార్డుల రంగు చూసుకోండి. మారిన సంచి ఉంటే ఒకరోజు బయట ఉంచి, ఏసీ గదిలో విప్పి కొత్త సంచుల్లోకి మార్చండి.