నిన్న బిగించిన బోల్టు ఈ రోజు ఎందుకు విరిగింది?

సమస్య

12.9 గ్రేడు బోల్టులు (గ్రేడు అంకె పెరిగేకొద్దీ ఉక్కు గట్టిది), తళతళలాడే జింక్ ప్లేటింగ్‌తో కొత్తగా వచ్చాయి. టార్క్ రెంచి పెట్టి చెప్పిన కొలతకే బిగించారు. సాయంత్రం షాపు మూసేదాకా అన్నీ బాగానే ఉన్నాయి. పొద్దున్న తాళం తీసి చూస్తే రెండు బోల్టుల తలలు నేల మీద పడి ఉన్నాయి. రాత్రి ఆ యంత్రాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఇలాంటప్పుడు మాట పడేది బిగించిన కుర్రాడే. "బలం ఎక్కువై లాగేశావు" అంటారు. పాపం, అతని తప్పేం లేకపోవచ్చు. టార్క్ ఎక్కువై తెగే బోల్టు రెంచి చేతిలో ఉండగానే తెగుతుంది. తెగేముందు కాస్త సాగుతుంది, తెగినచోట సన్నబడుతుంది. గంటల తరబడి ఊరుకుని ఆ తర్వాత టప్పున విరిగిందంటే అనుమానించాల్సింది ఉక్కులోకి దూరిన హైడ్రోజన్‌ని. అందుకే విరిగిన బోల్టు ఎవరైనా తెస్తే నేను ముందు అడిగేది టైము: ఎప్పుడు బిగించారు, ఎప్పుడు విరిగింది?

ముక్కను చూసి గుర్తుపట్టడం

తల కింద వంపు దగ్గర గానీ, నట్టులోకి దిగిన మొదటి మర దగ్గర గానీ విరిగి ఉంటుంది. సాగిన గుర్తులు ఉండవు. విరిగిన ముఖం మీద వెలుతురు పడితే పంచదార పలుకుల్లా మెరుస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే రేణువుల మధ్య అతుకులు విడిపోయినట్టు కనిపిస్తుంది.

ఇంకో రెండిటితో దీన్ని కలిపేసుకోవద్దు. అలల్లాంటి వంపు గీతలు ఉంటే అది ఫెటీగ్, అంటే మళ్ళీమళ్ళీ పడే బలానికి ఉక్కు అలసి పగలడం. యంత్రం చాలాకాలం తిరిగితేనే అది వస్తుంది. పగులు లోపలి ముఖం నల్లగా, పొక్కు (వేడికి ఉక్కు మీద పట్టే ఆక్సైడు పొర) పట్టి ఉన్నా, అందులోకి జింక్ దిగి ఉన్నా ఆ పగులు ప్లేటింగ్‌కి ముందే, హీట్ ట్రీట్‌మెంట్‌లోనే పడిందని అర్థం.

"టెస్ట్ సర్టిఫికెట్ బాగుంది కదా" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. బాగానే ఉంటుంది మరి. తెగేదాకా లాగి చూసే మామూలు టెన్సైల్ టెస్ట్ నిమిషాల్లో అయిపోతుంది. హైడ్రోజన్ నెమ్మదిగా కదిలి బలహీనమైన చోటికి చేరడానికి ఆ టైము చాలదు. సాగే గుణం తగ్గినా, బలం అంకె చాలాసార్లు పెద్దగా మారదు. సర్టిఫికెట్ అబద్ధం చెప్పలేదు, మనం దాన్ని అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

కారణం

మూడూ ఒకచోట చేరాలి: బాగా గట్టి ఉక్కు, లోపల హైడ్రోజన్, విడవకుండా లాగే బలం.

ప్లేటింగ్‌కి ముందు పొక్కు పోవడానికి బోల్టుల్ని యాసిడ్‌లో ముంచుతారు. యాసిడ్ ఇనుమును తింటే హైడ్రోజన్ పుడుతుంది. చాలావరకు బుడగలై పోతుంది, కొంచెం అణువులుగా కలిసిపోకముందే పరమాణువుల రూపంలో ఉక్కులోకి దిగుతుంది. తర్వాత జింక్ బాత్‌లో కరెంటు పెట్టినప్పుడు ఇంకొంత చేరుతుంది. పైన పట్టిన జింక్ పొర మూతలా పనిచేసి దాన్ని బయటికి పోనివ్వదు. బోల్టు బిగించగానే లాగుడు ఎక్కువగా ఉండే మర అడుక్కి హైడ్రోజన్ మెల్లగా పోగవుతుంది. పది లక్షల భాగాల్లో ఒకటి రెండు భాగాలున్నా చాలు.

ఇది కొత్త సంగతేం కాదు. యాసిడ్‌లో ముంచిన ఇనుప తీగ పెళుసెక్కుతుందనీ, కొంతకాలం అలా వదిలేస్తే మళ్ళీ కోలుకుంటుందనీ ఇంగ్లండులో డబ్ల్యూ. హెచ్. జాన్సన్ 1875లోనే రాశాడు.

"8.8 బోల్టులకు ఏళ్ళుగా ఇదే ప్లేటింగ్ చేయిస్తున్నాం, ఒక్కటీ విరగలేదే?" విరగదు. గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద సుమారు 39 దాటిన ఉక్కుకే ఈ బెడద ఎక్కువ. 8.8 దానికి చాలా కిందే ఉంటుంది. 12.9 గ్రేడు మొదలయ్యేదే 39 దగ్గర.

పరిష్కారం

ముందు ఆ లాట్ మొత్తం పక్కన పెట్టండి. ఇంకా విరగని బోల్టుల్నీ విప్పి తీసేయండి. వాటిని ఇప్పుడు ఫర్నేసులో పెట్టి వాడుకుందామనే ఆలోచన వద్దు. లోపల సన్నటి పగులు పడి ఉంటే ఏ వేడీ దాన్ని అతికించదు.

కొత్త లాట్‌కి ప్లేటింగ్ అయిన 4 గంటల్లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది, 190 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర బేకింగ్, అంటే హైడ్రోజన్ బయటికి పోయేలా ఫర్నేసులో వేడిచేయడం, చేయించాలి. 12.9కి నాలుగు గంటలు పెట్టి తీసేస్తే నాకు నమ్మకం ఉండదు, ఎనిమిదికి తక్కువ ఒప్పుకోను. ముక్కలు ఆ వేడికి చేరాకే గంటలు లెక్కపెట్టాలి. జింక్ మీద వేసే క్రోమేట్ రంగు బేకింగ్ తర్వాతే. ముందు వేస్తే ఆ పొర వేడికి పాడవుతుంది.

నా మాట అడిగితే 12.9కి కరెంటు ప్లేటింగే వద్దు. ఆయిల్ పట్టించిన నల్ల ఫినిష్ సరిపోతే అదే వాడండి. తుప్పు భయం ఉంటే కరెంటు లేకుండా వేసే జింక్ ఫ్లేక్ పూత వేయించండి, శుభ్రం చేయడానికి యాసిడ్ బదులు షాట్ బ్లాస్టింగ్ (సన్నటి ఉక్కు గుళ్ళతో కొట్టడం) అడగండి. చోటు ఉంటే ఒక సైజు పెంచి 10.9కి దిగడం అన్నిటికన్నా హాయి.

లాట్ వాడేముందు కొన్ని బోల్టుల్ని ఉక్కు పలకకు పూర్తిగా బిగించి 48 గంటలు వదిలేయండి. విరిగితే అక్కడే విరగనీ.

నెలలు, ఏళ్ళ తర్వాత విరిగితే

అప్పుడు హైడ్రోజన్ బయటి తడి నుంచి వచ్చి ఉండవచ్చు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో-ఓక్లాండ్ బే బ్రిడ్జి కొత్త భాగంలో హైడ్రోజన్ అలా తడి నుంచే వచ్చింది. 2008లో తయారైన, 3 అంగుళాల మందం గల గాల్వనైజ్డ్ రాడ్లు నీళ్ళు నిలిచిన గుంటల్లో ఏళ్ళపాటు ఉన్నాయి. 2013 మార్చిలో 96 రాడ్లను లాగి బిగిస్తే కొద్దిరోజుల్లోనే 32 విరిగాయి. విరిగినవి తీసి కొత్తవి వేసే చోటు కాదది. ఆ బరువు మోయడానికి గుర్రపు జీనులా పైనుంచి పట్టుకునే వేరే ఉక్కు ఆసరా కట్టాల్సి వచ్చింది. ఇలాంటి చోట బేకింగ్ ఏమీ చేయదు. నీళ్ళు నిలవకుండా చూడటం, గట్టిదనం తక్కువున్న ఉక్కు ఎంచుకోవడమే దారి.

ప్లేటింగ్ వాళ్ళతో

"బేకింగ్ చేశాం సార్" అంటే సరిపోదు. బాత్‌లోంచి తీసిన టైము, ఫర్నేసులో పెట్టిన టైము, వేడి చార్టు, మూడూ లాట్ నంబరుతో అడగండి. షిఫ్టు మారేటప్పుడు ట్రేలు రాత్రంతా నేల మీద ఉండిపోయిన సంగతి బయటపడేది ఆ రెండు టైముల మధ్యే. చార్టు ఇవ్వకపోతే బేకింగ్ కానట్టే లెక్కవేసి వెనక్కి పంపండి.