ఫిష్ ట్యాంక్‌లో రాయి పెట్టే ముందు ఒక యాసిడ్ చుక్క

మా ఇంట్లో ఫ్లోరింగ్ వేయించినప్పుడు తాండూరు నాపరాయి ముక్కలు మిగిలాయి. పొరలు పొరలుగా చూడముచ్చటగా ఉన్నాయని నాలుగు ముక్కలు కడిగి, రెండడుగుల ట్యాంక్‌లో మెట్లలా పేర్చాను. అందులో పన్నెండు నియాన్ టెట్రా చేపలుండేవి. వాటికి కఠినత్వం తక్కువున్న నీళ్లు కావాలని ఆర్ఓ నీళ్లు కలిపి పోసేవాణ్ణి. నెల తిరిగేసరికి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) మీటర్‌లో 110 కాస్తా 240 అయింది. నీళ్లు మారిస్తే దిగేది, వారం కాగానే మళ్లీ ఎక్కేది. నాపరాయంటే సున్నపురాయే కదా అని నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. అది నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతూనే ఉంటుంది. నల్లటి కడప రాయిదీ అదే కథ, రంగు చూసి మోసపోవద్దు.

ఇప్పుడు ఏ రాయి దొరికినా ముందు మేకుతో గట్టిగా గీకి, రాలిన పొడి మీద యాసిడ్ చుక్క వేస్తాను. నురగ పొంగిందా, ఆ రాయి ట్యాంక్‌లోకి వద్దు. వెనిగర్ లేదా నిమ్మరసం వాడొచ్చు గానీ అవి బలహీనం, కొన్నిసార్లు ఏమీ తెలియదు. బాత్రూమ్ కడిగే యాసిడ్ అయితే ఇట్టే చెప్పేస్తుంది. గ్లౌజులు వేసుకుని ఆరుబయటే చేయండి, దగ్గర్లో బ్లీచింగ్ ఉండకూడదు. తర్వాత రాయిని బాగా కడగాలి.

నిశ్చింతగా వాడుకోగలిగేవి గ్రానైట్, పలుగురాయి. హైదరాబాద్‌లో గ్రానైట్‌కి కొదవా? పాలిష్ చేసిన ముక్కలు మాత్రం నేను తీసుకోను, పైన ఏం పూశారో తెలియదు. నాకు బాగా నచ్చేవి ఇల్లు కట్టేచోట ఇసుక జల్లెడ పట్టాక మిగిలే గులకరాళ్లు. మేస్త్రిని అడిగితే బకెట్ నిండా ఇస్తాడు. అందులో నత్తగుల్లలు, సిమెంటు పెళ్లలు ఏరిపారేయాలి, అవీ సున్నమే. తుప్పు చారలున్నవి, బంగారంలా మెరిసే చుక్కలున్నవి కూడా పక్కన పెట్టేస్తాను. మురికి కాలువల దగ్గర, మందు కొట్టే చేల గట్ల మీద అసలు ఏరను.

కడగడానికి కొబ్బరి పీచు, నీళ్లు చాలు. సబ్బు వద్దు. రాళ్లను గిన్నెలో వేసి పొయ్యి మీద మరిగించొద్దు. లోపల చిక్కుకున్న తేమ ఆవిరై రాయి పేలొచ్చు. బకెట్‌లో పెట్టి వేడినీళ్లు పోసి వదిలేస్తే సరి. ఆ తర్వాత ఆర్ఓ నీళ్లలో వారం నానబెట్టి, మొదటి రోజూ చివరి రోజూ టీడీఎస్ చూస్తాను. పెద్దగా తేడా లేకపోతే రాయి పాసైనట్టే.

పెద్ద రాయి కింద పల్చటి థర్మోకోల్ ముక్క వేసి, రాయిని ముందు నిలబెట్టి, ఇసుక ఆ తర్వాతే పోయండి. ఇసుక మీద నిలబెడితే చేపలు కింద తవ్వి పడగొడతాయి. చేత్తో అటూ ఇటూ ఊపి చూడండి, కదిలితే మళ్లీ పేర్చాల్సిందే. గోల్డ్‌ఫిష్ ఉంటే పదునైన అంచులు వద్దు, తోకలు చీరుకుపోతాయి.

నా నాపరాళ్లు వృథా కాలేదు. మలావీ సరస్సు సిక్లిడ్ చేపలకు కఠినమైన నీళ్లే ఇష్టం. వాటిని పెంచే మా బావమరిది నాలుగు ముక్కలూ పట్టుకుపోయాడు.